హంసలదీవి తీర్థమును, పండుగనాటి ఆరోగ్యమును

గత మాఘమాసమున ఒకనాడు ఏడవ తరగతి పిల్లలకు హంసలదీవి స్థలపురాణము చెప్పుచుంటిని. లోకమందలి జనులెల్లరును గంగలో మునిగి తమ పాపములను ఆమెయందు విడిచిపోవుచుండిరట. ఆ భారముచే గంగ నల్లబడి శ్రీమహావిష్ణువునకు మొరపెట్టుకొనగా, కాకిరూపమున తీర్థములన్నిటను స్నానమాడుమనియు, ఏ తీర్థమున నలుపు పోయి హంసరూపము కలుగునో అదియే పరమపావనమనియు ఆయన సెలవిచ్చెనట. కాకి దేశమెల్ల తిరిగి తిరిగి, కృష్ణ సాగరమున కలియు ఈ చోట మునిగి హంసయై లేచెను. ఊరికి ఆ పేరు అట్లు వచ్చినది. కథ ముగియగానే వెనుకబల్లపైనున్న బాలుడొకడు లేచి, "మాస్టారూ, మరి ఆ నలుపంతా ఏమైందండీ? ఇక్కడి నీళ్ళల్లోనే ఉండిపోయిందా?" అని యడిగెను. తరగతి ఫక్కున నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు.

ఏలయన, ఇరువది యేండ్లుగా హాజరుపట్టీ వ్రాయుచున్న నాకు ఆ ప్రశ్నలోని నిజము కొంత తెలియును. సంక్రాంతి సెలవుల తరువాతి వారమునను, మాఘపౌర్ణమి తరువాతి వారమునను మా పట్టీలో సున్నలు పెరుగును. విచారించినచో ఒకనికి వాంతులు, ఒకనికి విరేచనములు, ఒకనికి జ్వరము. తల్లిదండ్రులు చెప్పు కారణములు రెండే: ఒకటి దిష్టి; రెండవది "ఊరు మారిన నీళ్ళు పడలేదు" అనునది. మొదటిదానిని వదలివేయుదము. రెండవది మన తెలుగిండ్లలో తరతరములుగా చెప్పుకొనుచున్న మాటయే గాని, దానియందున్న వైద్యశాస్త్రము ఐరోపాఖండమునకు 19వ శతాబ్దము నడుమగాని తెలిసిరాలేదు. ఆ చరిత్రనే ఇక్కడ కొంత చెప్పదలచితిని.

హంసలదీవి దివిసీమలో, కోడూరునకు దిగువను సముద్రపుటంచున నున్న గ్రామము. పులిగడ్డ దాటిన పిదప కృష్ణ పాయలుగా చీలి, నడుమ ఈ లంకభూమిని విడిచి సాగరము చేరును. గ్రామమున వేణుగోపాలస్వామి యాలయము కలదు. మాఘశుద్ధ పౌర్ణమికి స్వామికి కల్యాణోత్సవము, జనులకు సింధుస్నానము. వారధులు లేని దినములలో బందరు, గుడివాడ ప్రాంతములనుండి వచ్చువారు కాలువలలో పడవలపైనను, రేవులు దాటి ఎడ్లబండ్లపైనను రెండుమూడు దినములు ప్రయాణము చేసెడివారు. సముద్రము దగ్గరయగుటచే ఈ సీమలో బావినీరు పలుచోట్ల ఉప్పన. త్రాగుటకు కాలువనీటితో నింపిన మంచినీళ్ళ చెరువే యాధారము. ఒక్క చెరువు, దానికి ఊరెంతయో అంత జనము. తిరునాళ్ళ నాడు ఆ జనము పదింతలు, ఇరువదింతలు అగును. చెరువు మాత్రము పెరుగదు.

మన పూర్వులు ఈ సంగతి నెరుగరని యనుకొనుట పొరపాటు. చరకసంహిత విమానస్థానమున జనపదోద్ధ్వంసనీయమను అధ్యాయము కలదు. పాంచాలదేశపు రాజధానియగు కాంపిల్యనగరమున, గంగాతీరమున సంచరించుచు ఆత్రేయ పునర్వసువు తన శిష్యుడైన అగ్నివేశునితో చేసిన ప్రసంగమది. మనుష్యులు వేర్వేరు ప్రకృతులు, వేర్వేరు ఆహారములు, వేర్వేరు వయస్సులు కలవారై యుండగా, ఒక్క వ్యాధి ఒక్కమారుగా దేశమును ఎట్లు నాశము చేయునని శిష్యుని ప్రశ్న. అందరకును సామాన్యమైనవి నాలుగు కలవు, అవి గాలి, నీరు, నేల, కాలము; అవి చెడినపుడు అందరును చెడుదురని గురువుగారి సమాధానము. ఈ మాట గంగయొడ్డున చెప్పబడుట నాకు మిక్కిలి సార్థకముగా తోచును. మనువు నీటిలో మలమూత్రములు విడువరాదనియు, ఉమ్మివేయరాదనియు గృహస్థులకు విధించెను. యతులకు వస్త్రముతో వడకట్టిన నీరే త్రాగవలెనని నియమము పెట్టెను. సుశ్రుతుడు మురికినీటిని తేర్చుటకు చిల్లగింజను చెప్పెను. విధులు పుస్తకములలో భద్రముగా నుండెను. స్నానఫలమును చెప్పు శ్లోకములు మాత్రము జనుల నోట నిలిచెను. పుణ్యము ఎవరికి వారు మూటగట్టుకొనవచ్చును. శౌచము పదిమందియు కలసి పాటించినగాని ఫలింపదు. మనవారికి మొదటిది సులభముగా తోచినది.

తత్ఫలితముగా జరిగినది భయంకరము. 1783వ సంవత్సరమున హరిద్వారమేళములో వాంతిభేది పుట్టి ఎనిమిది దినములలో ఇంచుమించు 20,000 మంది యాత్రికులు మరణించిరని చెప్పుదురు. 1817లో వంగదేశమున జెస్సూరు ప్రాంతమున చెలరేగిన మహామారి మరుసటి యేడు తూర్పుతీరము వెంబడి చెన్నపురిదెసకు దిగివచ్చెను. మన పల్లెలలో దానికి మరిడియని పేరు. ఆ పేరుతోనే అమ్మవారు వెలసెను, గుడులు లేచెను. 1867 ఏప్రిలులో హరిద్వారమున కుంభమేళమునకు 30 లక్షలమంది చేరిరని యంచనా. ప్రభుత్వమువారు ఆ యేడు పారిశుద్ధ్యమునకు ముందెన్నడు లేనంత శ్రద్ధతో ఏర్పాటులు చేసిరి. మరుగుకందకములు త్రవ్వించిరి, బంట్లను పెట్టిరి. పర్వదినమునకు ముందటి రాత్రి, ఏప్రిలు 11న, కుంభవృష్టి కురిసెను. కందకములలోనిదంతయు నదిలోనికి కొట్టుకొనివచ్చెను. తెల్లవారి ఆ నీటిలోనే లక్షలజనము మునిగి, దానినే తీర్థముగా త్రాగిరి. తరువాతి దినములలో వారు ఏ త్రోవన ఇండ్లకు మరలిరో ఆ త్రోవనెల్ల వ్యాధి నడచెను. పంజాబు, అయోధ్యామండలము, దానికి పైన కాబూలు వరకును.

ఇది మన దేశమునకు, మన మతమునకు మాత్రమే పరిమితమని యెంచరాదు. 1865లో మక్కాయాత్రికులలో పుట్టిన వాంతిభేది ఐగుప్తుమీదుగా ఐరోపాకు ప్రాకగా, మరుసటి యేడు కాన్‌స్టాంటినోపులు నగరమున సకలరాజ్యముల వైద్యులును సభ చేసిరి. లండనునగరమున యాత్రలు లేవు, తీర్థములు లేవు. అయినను 1854లో బ్రాడ్ వీధియందలి ఒక్క నీటిపంపు వందలమందిని చంపెను. జాన్ స్నో యను వైద్యుడు చచ్చినవారి ఇండ్లను పటముపై గుర్తించి, వ్యాధికి నీరే మూలమని చూపెను. తోడి వైద్యులు చాలమంది చెడుగాలియే కారణమని పట్టుబట్టి ఆయనమాట చెవిని పెట్టలేదు. సుశిక్షితుల మూఢవిశ్వాసము పామరుల మూఢవిశ్వాసముకంటె మొండిది. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు కాక్ కలకత్తా పొలిమేరలోని యొక చెరువునీటిలో ఆ క్రిమిని కనుగొనెను. చుట్టుపట్లవారు ఆ చెరువులోనే స్నానము చేయుచు, గుడ్డలుతుకుకొనుచు, దాని నీరే త్రాగుచుండిరి. దివిసీమ మంచినీళ్ళ చెరువును తలచుకొన్నవారికి ఇది దూరదేశపు కథగా తోచదు.

క్రిమి కనబడినను దొరతనమువారి దృష్టి చాలకాలము యాత్రికుని యజ్ఞానముపైననే యుండెను. ఆ యజ్ఞానము కలదు, కాదనను. కాని సుంకము వసూలు చేసిన చోట మంచినీరు చూపవలసిన బాధ్యతయు కలదుగదా. చెన్నరాష్ట్రమున 1939లో ప్రజారోగ్య శాసనము వచ్చినపుడు తిరునాళ్ళకును ఉత్సవములకును ప్రత్యేకముగా ఒక ప్రకరణము ఏర్పరుపబడెను.

ఇచట మా నాయనమ్మ సంగతి చెప్పక తప్పదు. ఆమె పెద్దకొడుకు, నేనెరుగని మా పెదనాన్న, ఐదేండ్ల ప్రాయమున మాఘపౌర్ణమి తిరునాళ్ళనుండి తిరిగివచ్చిన మూడవనాడు పోయెను. ఆమె ఎన్నడును ఆ వ్యాధి పేరు నోట పలుకలేదు. పలికినచో మరల వచ్చునని భయము. కాని నాటినుండి తిరునాళ్ళకు వెళ్ళునపుడెల్ల ఇంటినుండి ఇత్తడిబిందె నిండ కాచిన నీరు తీసికొని, మూతికి నాలుగు మడతల తెల్లగుడ్డ కట్టి, బండిలో తన ప్రక్కన పెట్టుకొనెడిది. దారిలో ఎవరెంత బ్రతిమాలినను బయటినీరు ముట్టదు, మమ్ము ముట్టనీయదు. చింతపండు పులిహోర తప్ప మరియొక అన్నము కట్టదు. అడిగినచో "అమ్మవారికి ఎంగిలి నీళ్ళు గిట్టవురా" అనెడిది. కాలేజీలో చదువుకొనుచున్న నేను ఆమెను ఎగతాళి చేసితిని. కాచిన నీటికిని అమ్మవారికిని సంబంధమేమని తర్కించితిని. ఆమె చెప్పిన కారణము తప్పు. చేసిన పని అక్షరాల ఒప్పు. కారణమును ఖండించుటలో నాకున్న ఉత్సాహము, పనిని గమనించుటలో లేకపోయెను. సంస్కారము కోరువారికి ఈ దోషము తరచుగా పట్టును.

ఆ నాలుగు మడతల గుడ్డ సంగతి 2003లో నాకు మరల స్ఫురించెను. రీటా కాల్వెల్ అను అమెరికను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును బంగ్లాదేశమున మత్లబ్ ప్రాంతపు 65 గ్రామములలో పరిశోధించి, పాతచీరను నాలుగు మడతలు వేసి నీరు వడకట్టినంత మాత్రమున కలరా ఇంచుమించు సగమునకు తగ్గినదని ఆ యేడు ప్రకటించిరి. వాంతిభేది క్రిమి ఒంటరిగా గుడ్డలోనుండి జారిపోవునంత సూక్ష్మమైనదే. కాని నీటిలో సంచరించు చిన్న పురుగుల దేహములకు అది అంటుకొనియుండును. ఆ పురుగులు మడతలలో చిక్కును. పాతచీరయే మేలట, ఉతికి ఉతికి దారములు ఉబ్బి సందులు మూసికొనును. ఇంకొక విశేషము: మంచినీరును ఉప్పునీరును కలియు నదీముఖములు ఈ క్రిమికి పుట్టినిల్లు. మనుష్యుడు లేకున్నను అది అక్కడ బ్రదుకును. అందు పెక్కుజాతులు హాని చేయవు గాని, సంగమజలము పుణ్యజలమైనంత మాత్రమున క్రిమిరహితమని భ్రమపడరాదు. అయినను సముద్రపునీటిని కడుపునిండ త్రాగువారెవరు? నిజమైన యపాయము కెరటములలో కాదు, గట్టుమీద నున్నది. చేతులు కడుగక వడ్డించిన పొంగలి, ఏ నీటితో చేసిరో తెలియని మంచుగడ్డ వేసిన నిమ్మరసము, ఈగలు ముసరిన బెల్లపుజీళ్ళు, మూతలేని చలివేంద్రపుకుండలో అందరును ముంచు ఒకే చెంబు.

వ్యాధి వచ్చిన పిదప ఏమి చేయవలెనో గూడ మన తూర్పుదేశమే లోకమునకు నేర్పినది. కలకత్తాలో శంభునాథ్ డే 1959లో ఈ క్రిమి విడుచు విషమును నిరూపించెను. ఆ విషము పేగులనుండి నీటిని, లవణములను తోడివేయుట వలననే మనుష్యుడు చచ్చుచున్నాడు. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున బనగావ్ శరణార్థి శిబిరమున సిరలలోనికి ఎక్కించు ద్రవము చాలకపోగా, దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు ఉప్పు, పంచదారజాతి గ్లూకోజు, కొంచెము సోడా కలిపిన నీటిని పీపాలలో నింపి బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వరకు నుండిన మరణములు 4కు లోబడెను. ఇంట చేసికొను కొలత ప్రతి తల్లియు కంఠస్థము చేయదగినది: ఒక లీటరు కాచి చల్లార్చిన నీటికి తలకొట్టిన చిన్నచెంచాలతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. తరువాత జరిగిన పరీక్షలలో బియ్యపుపిండి కాచి చేసిన ద్రావణము కలరాకు మిక్కిలి మేలు చేయునని తేలినది. ఉప్పుగంజి మన వంటింట నెన్నడో యున్నది. విరేచనములైనపుడు బిడ్డకు నీరు పోయరాదను దురాచారమును దానితోబాటు ఉన్నది. మా పెదనాన్నకు కడపట ఒక చెంచా నీరైనను పోయనీయలేదని నాయనమ్మ ఒకమారు చెప్పి, మరల ఆ ప్రసక్తి ఎత్తలేదు.

ఇక పండుగ భోజనము. మన పంచాంగమును జాగ్రత్తగా చూచినచో విందు ప్రక్కన ఉపవాసము కనబడును. ముక్కోటి ఏకాదశికి పస్తు, కొలదిదినములకు సంక్రాంతి. భీష్మైకాదశికి పస్తు, నాలుగైదు దినములకు మాఘపౌర్ణమి. హేమంతమున జఠరాగ్ని బలముగా నుండునని చరకుడు చెప్పెను గనుక నువ్వులు, బెల్లము, క్రొత్తబియ్యపు అరిసెలు ఆ ఋతువునకు తగినవే. కోతలు కోసి, కుప్పలు నూర్చి, ఎముకలు అరిగిన దేహమునకు ఆ అరిసె న్యాయమైన కూలి. నేడు అదే అరిసెను, ఏడాది పొడవునను కుర్చీలో కూర్చుండి పనిచేయు నావంటివాడు తినుచున్నాడు. పంచాంగమునుండి విందులను మాత్రము ఉంచుకొని పస్తులను, నడకలను తీసివేసితిమి.

ఈ మార్పు డెల్టాలో ఎప్పుడు ప్రారంభమైనదో చెప్పవచ్చును. 1832-33లో నందన కరువు గుంటూరుసీమను తుడిచిపెట్టెను. 1855లో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియయ్యెను. కాలువలు పారెను, వరి పండెను, ఆకలి తీరెను. ఆ మేలును తక్కువచేసి చెప్పువాడు కృతఘ్నుడు. కాని జొన్న, సజ్జ, ఆరిక తిని, పండుగకు మాత్రము వరియన్నమెరిగిన మెట్టసంసారములకు గూడ వరియే నిత్యాహారమయ్యెను. తరువాత మరలు వచ్చి రోకటిపోటు పోయెను. బియ్యము మల్లెపూవువలె తెల్లనయ్యెను. తవుడు గేదెలకు పోయెను, మిగిలిన సారము గంజితో వార్చబడెను. అరవదేశమువలె వడ్లు ఉప్పుడుచేసి దంచు అలవాటు మన తీరమున లేదు. ఫలితముగా ఉత్తర సర్కారుల తీరము దేశములో బెరిబెరి వ్యాధికి ముఖ్యస్థానమయ్యెను. కూనూరు పరిశోధనాలయమున మెకారిసన్ దొరగారు 1920 దశకమున పరిశోధించిన విషయమిది. అంతకుముందే జావాలో ఐక్‌మన్ అను వైద్యుడు తెల్లబియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుటయు, తవుడు పెట్టిన లేచుటయు చూచి, 1929లో నోబెలు బహుమానమందెను. బాలింతకు పథ్యమను పేర అన్నము, కారప్పొడి తప్ప వేరేమియు పెట్టని యిండ్లలో తల్లిపాలలో ఆ సారము లేక, పాలుత్రాగు శిశువులే ఆ వ్యాధికి బలియగుదురు. పండుగనాడు అందరకు వడ్డించి, చల్లారిన అన్నమును పులుసునీటితో తాను తినునది ఎవరో చదువరులకు చెప్పనక్కరలేదు. సెలవులలో అందరకును విశ్రాంతి, ఆమెకు మాత్రము రెండింతల చాకిరి. మన పండుగనాటి యారోగ్యమును గూర్చి వ్రాయబడిన వ్యాసములలో ఆమె ప్రసక్తి సాధారణముగా పిండివంటల కొలతలవద్దనే ఆగిపోవును.

బెరిబెరి నేడు దాదాపు కనుమరుగైనది. తెల్లయన్నము మాత్రము మిగిలినది, తీపియు మిగిలినది. దేశములో మధుమేహరోగులు 10 కోట్లకు పైగా నున్నారని భారత వైద్య పరిశోధనామండలి అధ్యయనము 2023లో ప్రకటించెను.

జనసమ్మర్దమును గూర్చి ఒక్కమాట. 2015 జూలై 14న గోదావరి పుష్కరముల తొలినాడు రాజమహేంద్రవరమున తొక్కిసలాటలో 27 మంది ప్రాణములు విడిచిరి. క్రిమి లేదు, విషము లేదు. పుష్కరములు 12 దినములు. నది కొన్ని వందల మైళ్ళు. అయినను ఒకే రేవున, ఒకే గడియలో మునుగవలెనను తొందర. మరుసటి యేడు ఆగస్టు 12 నుండి 23 వరకు కృష్ణకు పుష్కరములు వచ్చెను. మరల 2028లో రానున్నవి. సంక్రాంతికి మన పెద్దలు "కనుమనాడు కాకియైనను కదలదు" అనెడివారు. ఆ మాటను పాటించినచో త్రోవలపై ఎందరు బ్రతుకుదురోయని నేను అప్పుడప్పుడు అనుకొనుచుందును.

మొన్నటి పౌర్ణమి మరునాడు పాలకాయతిప్ప దాటి సంగమమువరకు ఒంటరిగా నడచితిని. ఇసుకపై అన్నపు విస్తళ్ళు, నీటిసంచులు, విడిచిన వస్త్రములు. ఆ ఋతువుననే సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ ఆ తీరమునకు వచ్చి గ్రుడ్లు పెట్టును. అటవీశాఖవారు వాటిని ఏరి కంచెలలో భద్రపరచుదురు. ఒక తాబేలు ప్రాకివచ్చిన జాడ నీటిసంచుల కుప్పవరకు వచ్చి, ప్రక్కకు తిరిగి, మరల నీటిలోనికి పోయియుండెను.

మరునాడు తరగతిలో ఆ బాలునికి, నీ ప్రశ్న సరియైనదేనని చెప్పితిని. నలుపు ఎక్కడికి పోయినదో వ్రాసికొని రమ్మని అందరకును చెప్పితిని. ఒక బాలిక, అది చేపలు తిన్నవని వ్రాసినది. ఒకడు, మా మంచినీళ్ళ చెరువులో నున్నదని వ్రాసెను. వచ్చు మాఘపౌర్ణమికి తరగతినంతయు సంగమమునకు తీసికొనిపోవలెనని నిశ్చయించితిమి. నీరు ఎవరింట కాచవలెను, పులిహోర ఎవరు కలుపవలెను, తిరిగివచ్చునపుడు విస్తళ్ళు ఎవరు మోయవలెనని వంతులు వేసికొన్నారు. వంట మగపిల్లల వంతునకు వచ్చినది. ఇత్తడిబిందె అటకపై నున్నది. కళాయిపని చేయువాడు ఊరిలోనికి వచ్చినపుడు దానికి కళాయి పూయింపవలెను.